మిలిటరీ బావ ముఖం

సైన్యంలో లారీ నడిపి, కుడి చెవి వినికిడి పోగొట్టుకుని ఇంటికొచ్చిన ఆయన్ను అందరూ మిలిటరీ బావ అనేవారు. మాజీ సైనికులకు సినిమాల యాప్ సగం ధరకే వస్తుంది కాబట్టి బావమరుదుల ఇళ్లన్నిట్లో ఆయన పేరు మీదే చందా నడిచేది. అది ఆగకుండా ఉండాలంటే ఏటా ఒకసారి ఆయన ముఖం ఫోన్‌కు చూపించాలి. వాళ్లు ఆయన గడప తొక్కేది ఆ రోజే. భార్య పోయాక ఆ రోజు కోసమే ఆయన గడ్డం గీసుకుని కూర్చునేవాడు.

ఈ ఏడు చిన్న బావమరిది ఆస్పత్రికే వచ్చాడు.

"బావా, ఆ ఆక్సిజన్ మాస్కు ఒక్క నిమిషం తియ్యి."

తీశాడు. ఫొటోతో ముఖం కలవలేదంది ఫోను.

"ఎంత చిక్కిపోయావయ్యా! అటెన్షన్‌లో తల ఎలా పెట్టాలో నీకు నేను చెప్పాలా?"

ఆయన మోచేతుల మీద లేచి తల నిలిపాడు. ఈసారి కలిసింది.

"రేపు ఆపరేషన్ అయ్యేదాకా ఎవరో ఒకరు బయట ఉండాలన్నారు. నువ్వుంటావా?"

బావమరిది ఫోన్ జేబులో పెట్టుకుని, ఆయన కుడి చెవి దగ్గర వంగి ఏదో చెప్పి వెళ్లిపోయాడు.

సరేనన్నాడనుకుని, ఆయన పొద్దున్నే వార్డు బాయ్ చేత గడ్డం గీయించుకున్నాడు.