కండక్టరుగారి చరణం

కుట్టుమిషనమ్మకు కోపం వస్తే నోటికి హద్దూ అదుపూ ఉండవు. ఆ ఆదివారం చర్చిలో అడుగు పెట్టగానే వచ్చింది. ముందు వరస పక్కన, తన భర్త చక్రాల కుర్చీ ఉండే చోట, నిలువెత్తు స్పీకరు నిలబడి ఉంది. ఆయనతో సహా కుర్చీ వెనక్కి, తలుపు దగ్గరికి పోయింది.

జరిపించినవాడు పరాయివాడైనా బాగుండేది. సొంత మేనల్లుడే. కీబోర్డు వాయిస్తాడు.

"ఒరేయ్, మీ మామయ్యను గొడుగుల పక్కన పడేస్తావా?"

"బాక్సు అక్కడుంటేనే సౌండు సమంగా వస్తుందత్తా. ఈ మ్యూజిక్ వల్లే కదా కుర్రాళ్లు చర్చికి వస్తున్నారు!"

అదీ నిజమే. అందుకే ఆమెకు మరీ ఒళ్లు మండింది.

ఆయన బతుకంతా బస్సు కండక్టరు. ఒక్క కేక వేస్తే వీధి చివర ఉన్నవాడు పరుగెత్తుకొచ్చి బస్సెక్కేవాడు. పక్షవాతం వచ్చి ఆ నోరు పడిపోయింది. మంచినీళ్లు కావాలన్నా చెయ్యి చూపించాల్సిందే. అలాంటి మనిషి, చర్చిలో పదిమందీ పాడుతుంటే మాత్రం పాట అందుకునేవాడు, మాటలతో సహా. అలా జరుగుతుంటుందమ్మా అన్నాడు డాక్టరు. ఇంట్లో ఆమె మిషను తొక్కుతూ ఎన్ని పాటలు ఎత్తుకున్నా పెదవి కదిపేవాడు కాదు. మొగుడి గొంతు వినాలంటే ఆమెకు ఆదివారం రావాలి. అందుకే చర్చిలో తాను ఎత్తుకున్న పాటను ఎప్పుడూ నిదానంగా నడిపించేది, ఆయన వెనకబడకుండా.

ఇప్పుడు నడిపించేది కీబోర్డు. జనం నోళ్లు మూసుకుని కచేరీ చూస్తున్నారు.

పాస్టరుగారికి మొరపెట్టుకుంది.

"పాట దేవుడి కోసం కదమ్మా. ఆయనకు అన్నీ వినపడతాయి."

"దేవుడి చెవులకేమండీ, బాగానే ఉంటాయి. నా సంగతేమిటి?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పాస్టరుగారు చిరునవ్వు నవ్వి బైబిలు తెరిచారు.

పాట మొదలైంది. రెండో చరణంలో ఆమె ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూసింది. తలుపు దగ్గర ఆయన పెదవులు కదులుతున్నాయి. పాడుతున్నాడా, మంచినీళ్ల కోసమా? వరసల మధ్య నుంచి గబగబా వెళ్లి ఆయన నోటికి చెవి ఆనించింది. వెచ్చటి ఊపిరి తగిలింది. అంతే, మాట మాత్రం ఒక్కటీ వినపడలేదు.

సరాసరి ముందుకు నడిచింది. కీబోర్డుకీ స్పీకర్లకీ కరెంటు ఇచ్చే వైరును గోడ నుంచి ఊడబెరికింది.

హాలంతా చప్పబడింది. ఆ నిశ్శబ్దంలో తలుపు దగ్గర నుంచి ఒక బొంగురు గొంతు, ఒంటరిగా, తడబడుతూ పాడుతూనే ఉంది. అందరూ అటు తిరిగారు.

"ఏంటత్తా ఇది! ఆ వైరు ఇటివ్వు," అన్నాడు మేనల్లుడు.

ఆమె గుప్పిట బిగించింది.

"ఆగరా. మీ మామయ్య ఇంకా మొదటి చరణంలోనే ఉన్నారు."