చీరల అంగట్లో టమోటా పాట

ఆ రోజుల్లో మదనపల్లెలో పని దొరకడం కష్టం కాదు, సగం పని దొరకడం కష్టం. బీఈడీ చదువుతూ పది నుంచి నాలుగు దాకా కాలేజీలో కూర్చోవలసిన నాకు రోజులో మిగిలేవి పొద్దున కాస్త, సాయంత్రం కాస్త. ఆ యేడు రామకుప్పం దగ్గర మా రాగి చేలో ఏనుగులు పడి తిన్నంత తిని, తొక్కినంత తొక్కి పోయాయి. "పరీక్ష ఫీజు సంగతి నువ్వే సూసుకోమ్మా" అన్నాడు నాయన, నా మొహం చూడకుండా. అంగడి అంగడికీ తిరిగాను. సూపర్‌మార్కెట్ వాళ్లు పన్నెండు గంటలు నిలబడమన్నారు. జిరాక్సు షాపాయన "అరపూట పనేందమ్మా, నీకు అరపూటే ఆకలయితాదా?" అని నవ్వాడు. (నేనూ నవ్వాను. ఆ వయసులో ఆకలి మీద నవ్వడం తేలిక.)

చివరికి రెండు సగాలు దొరికాయి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా టమోటా మండీలో, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా చీరల అంగట్లో. మండీలో వేలం వేసే సాబుకి గొంతు పోయింది. ఆయన వేళ్లు చూపిస్తే నేను ధర అరవాలి. "జోరుగా అరువు బేటీ, కలికిరి దాకా వినపడాల!" అని బొంగురుగా గొణిగేవాడు. మూడోసారి అరిచి పెట్టె మీద చేత్తో చరిస్తే ఆ సరుకు అమ్ముడైనట్టు. నెల తిరక్కుండానే ఆ విద్య నాకు బాగా పట్టుబడింది. చీరల అంగట్లో మాత్రం గొంతు లేవకూడదు. యజమానురాలు చీరలక్క "ఒకటే ధర" అని గోడకి బోర్డు పెట్టుకున్న మనిషి. ఇంకోచోట పనిచేసి అలసిపోయి వచ్చేవాళ్లు ఆవిడకి పనికిరారు. అందుకే మండీ సంగతి దాచాను. రెండు జీతాల్లో ఏది పోయినా ఫీజు కట్టలేను మరి.

ఒక సాయంత్రం పుంగనూరు నుంచి ఇద్దరు తోడికోడళ్లు వచ్చారు. వంకాయరంగు పట్టుచీర ఒక్కటే ఉంది. చెరో అంచూ పట్టుకున్నారు. "రెండువేల రెండు నూర్లు కదమ్మా, నాకియ్యి" అంది పెద్దామె. "ఇంకో నూరిస్తా, నాకియ్యి" అంది చిన్నామె. అంతే, నాకేమైందో తెలియదు. నిలబడే కునుకు తీస్తున్నానో ఏమో, ఒక్కసారిగా స్టూలెక్కాను.

"రెండువేల మూడు నూర్లు! మూడు నూర్లు! పాడండప్పా, పాడండి!"

వాళ్లు పాడారు! (ఇప్పటికీ నాకు ఆశ్చర్యం అదే.) ఐదు నూర్లు, ఎనిమిది నూర్లు, చిన్నామె మూడువేలు. నేను "మూడోసారి!" అని అరిచి పక్కనున్న చీరల దొంతర మీద ఫట్‌మని చరిచాను. దొంతర కూలింది. దాని వెనక చీరలక్క నిలబడి ఉంది.

అక్క చిన్నామె దగ్గర రెండువేల రెండు నూర్లే తీసుకుంది. పెద్దామెకి "ఇట్లాంటిదే మగ్గం మీద ఉండాదిమ్మా, ఎనిమిది దినాల్లో ఇస్తా" అని సర్దిచెప్పి పంపింది. తర్వాత నావైపు తిరిగింది.

"యాడ నేర్చినావు ఇది?"

"టమోటా మండీలో, అక్కా."

"ఎన్నింటికి లేస్తాండావు?"

"నాలుగున్నరకి."

"మధ్యాన్నం ఏం తింటివి?"

ఏడుపొచ్చింది. పని పోయింది, దాంతో పరీక్షా పోయింది అనుకున్నాను. అక్క నన్ను రెక్క పట్టుకుని వెనకగదిలోకి తీసుకుపోయి, తన టిఫిన్ డబ్బా మూత తీసింది. రాగి సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. "తిను. తిన్నాక తిడతా" అంది. తిన్నాను. తిట్లు తినేలోపే అక్కడే, మడతపెట్టని చీరల మీద నిద్రపోయాను.

లేచేసరికి అక్క షట్టరు దించుతోంది. "రేపట్నుంచి సాయంత్రం ఐదుకి గాదు, ఆరింటికి రా. ముందు రూముకి పోయి ఇంత తిని రా. జీతం అంతే ఇస్తాలే" అంది. పావుగంట ఆలస్యమైతే పావుగంట కూలి కోసే మనిషి ఆవిడ. నెలాఖరున కవరు విప్పితే, నేను నిద్రపోయిన గంటన్నర కూడా అందులో ఉంది.

ఇప్పుడు కుప్పంలో టీచర్ని. పూర్తి ఉద్యోగం, పూర్తి జీతం. ఆ అక్కకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. స్టూలెక్కి అరిచిన ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. మెత్తటి పరుపు కొనుక్కున్నాను గానీ, అంత నిద్ర మళ్లీ పట్టలేదు.