చపాతీలో ఏం కలిపింది?

ఓబులమ్మది కడప జిల్లా. మొగుడు పోయాక హైదరాబాదు చేరి, హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ పనికి కుదిరింది. ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలవాడు నవ్వితే ఇవాళ నీళ్ళు ఎక్కువ పోశాడేమో అనుకునేది. అలాంటిది, మదీనాగూడలో పక్కగదిలో కిరాయికి ఉంటూ అదే భవనంలో పనిచేసే లక్ష్మీదేవిని మాత్రం నమ్మింది. లక్ష్మీదేవిది మెదక్ వైపు. పొద్దున్నే ఇద్దరికీ చపాతీలు కాల్చి డబ్బాలు కట్టేది. కూర ఓబులమ్మ వంతు.

ఆ వానాకాలం భవనంలో సామాన్ల లిఫ్టు పాడైంది. మధ్యాహ్నం తిన్నది తిన్నట్టే బకెట్లు పట్టుకుని మెట్లెక్కాల్సి వచ్చేది. ఒకరోజు అలా ఎక్కుతుంటే ఓబులమ్మ ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పెదాలు ఉబ్బి, ఊపిరాడక మెట్ల మీదే కూలబడింది. దవాఖానలో సూది వేసి ఏదో పడలేదన్నారు. గోధుమకు, పల్లీకి పరీక్షలు చేసి అన్నీ బాగానే ఉన్నాయన్నారు. వారం తిరక్కుండా మళ్ళీ పడిపోయింది.

మంచం మీద పడుకుని ఓబులమ్మ ఆలోచించింది. ఆదివారం ఇంట్లో కూర్చుని అవే చపాతీలు తింటే ఏమీ కావడం లేదు. డ్యూటీకి కట్టిన డబ్బాలోవి తింటేనే పడిపోతోంది. అవే తింటున్న లక్ష్మీదేవి మాత్రం రాయిలా గట్టిగా ఉంది. పైగా, ఇద్దరిలో ఒకరిని టీమ్ లీడర్ చేస్తానని సూపర్‌వైజర్ చలపతిరావు అన్నది మొన్నమొన్ననే.

"మందు పెడతాంది," అనుకుంది.

తేల్చుకోవాలని ఒకరోజు గుట్టుగా డబ్బాలు మార్చేసింది. లక్ష్మీదేవి డబ్బా తను తిని, బకెట్ తీసుకుని మెట్లెక్కింది. మూడో అంతస్తులో పడిపోయింది. ఇంకొకరైతే అనుమానం వదిలేసేవాళ్ళే. 'నేను మారుస్తానని ముందే కనిపెట్టింది, ఎంత తెలివో!' అనుకుంది ఓబులమ్మ.

కాస్త కోలుకోగానే చలపతిరావుకు చెప్పేసింది. బట్టలు మార్చుకునే గదిలో ఆడవాళ్ళందరికీ చెప్పింది. "నేనేం చేసిన్నక్కా?" అని లక్ష్మీదేవి ఏడ్చినా ఎవరూ పలకలేదు. గొడవెందుకని చలపతిరావు ఆమెను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి మార్చేశాడు. ఆమె గది కూడా ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

ఓబులమ్మ అన్నం వండుకుని తెచ్చుకోసాగింది. ఒంటికి ఏమీ కాలేదు. తన మాటే నిజమనుకుంది. అలా కొన్నాళ్ళు గడిచాక, వండే ఓపిక లేక గేటు ముందు బండి మీద పరోటాలు తిని మెట్లెక్కింది. ఈసారి కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం ఉంది. తెలివి రాగానే వచ్చిన మొదటి ఆలోచన, బండివాడికి కూడా లక్ష్మీదేవే చెప్పిందా అని.

డాక్టర్ ప్రశాంతి అన్నీ అడిగింది. ఏం తిన్నావు, తిన్నాక ఏం చేశావు, ఎంతసేపటికి పడిపోయావు. చివరికి, "మా పరిశోధనలో ఒక పరీక్ష ఉందమ్మా. డబ్బులేం అక్కర్లేదు, కాస్త రక్తం ఇస్తే చాలు," అంది.

"ఊరికే ఎందుకు చేస్తారు? నా నెత్తురు ఏం చేసుకుంటారు?"

ప్రశాంతి నవ్వలేదు. వేలి వెడల్పున్న అద్దం పలక తెచ్చి చూపించింది. "దీని మీద కంటికి ఆనని చుక్కలు వందకు పైగా ఉన్నాయి. ఒక్కో చుక్క ఒక్కో ప్రోటీను. గోధుమలోవి, పల్లీలోవి, రొయ్యలోవి విడివిడిగా. నీ ఒళ్ళు దేని మీద కత్తి కట్టిందో ఆ చుక్క వెలుగుతుంది. మామూలు పరీక్షలో గోధుమనంతా కలిపి చూస్తారు. అందులో కొన్ని దొరకవు."

ఓబులమ్మ చివరికి చెయ్యి చాపి రక్తం ఇచ్చింది. వెలిగింది గోధుమలోని ఒకే ఒక్క ప్రోటీను. అది తిని ఊరుకుంటే ఏమీ కాదట. తిని ఒళ్ళు అలిసేలా పనిచేస్తేనే ప్రాణం మీదికి తెస్తుందట. నువ్వు చెప్పిన దానికి ఇది సరిగ్గా సరిపోతోందని, ఇక గోధుమ ముట్టవద్దని ప్రశాంతి చెప్పింది.

"అంటే... మందు కాదా?"

"ఎవరూ ఏమీ కలపలేదమ్మా."

ఆదివారం ఓబులమ్మ అడ్రసు కనుక్కుని బాలానగర్ వెళ్ళింది. లక్ష్మీదేవి గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. "గా అద్దం పలక చెప్పేదాంక నువ్వు నన్ను నమ్మలె. గా పలక లేకుంటే నేను సచ్చేదాంక మందు పెట్టినదాన్నే గద?"

"తప్పయిపోయింది లక్ష్మీ. తిరిగి రా. చలపతిరావుతో నేను మాట్లాడతా."

"నేను రాను. నా మీద ఎవరెవరికి చెప్పినవో, వాళ్ళందరికీ పోయి నిజం చెప్పు."

మర్నాడు ఓబులమ్మ బట్టలు మార్చుకునే గదిలో అందరి ముందూ నిలబడి తప్పంతా తనదేనని చెప్పింది. కొందరు తలూపారు. "ఎవరు చెప్పమన్నారో ఏమో," అని ఒకామె గొణిగింది. నిన్నటిదాకా అలా అనుమానించేది తనే.

దసరా వెళ్ళాక లక్ష్మీదేవి ఫోన్ చేసింది. "ఇప్పుడెట్లున్నది ఒంట్ల?"

ఎందుకు చేసిందబ్బా అనే ముందు అనిపించింది ఓబులమ్మకు. తన మీద తనకే రోత పుట్టింది. "బాగుండా లక్ష్మీ. నువ్వెట్లుండావు?" అంది.