అమ్మేశారన్న పడవలో లంకకు

ఉదయం ఆరున్నరకు రాజమండ్రి కాంప్లెక్సులో అమలాపురం బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే సరిపోయింది. రాజోలు దగ్గర ఒక లంకకు, వరదల్లో గోదావరి దాటడానికి ఓ విదేశీ సంస్థ పడవ ఇచ్చింది. దాన్ని చూసుకునే మహిళా సంఘం అధ్యక్షురాలు సత్యవతి పడవ అమ్ముకు తినేసిందని ఆ ఊరి నాయకుడొకాయన సభలో అన్నాడు. పేపర్లో వచ్చింది. నిజమైతే సంస్థ ఇస్తానన్న రెండో పడవ రాదు, సత్యవతి ఊళ్లో తలెత్తుకోలేదు. బ్యాంకు ఆడిట్‌లో రిటైరైనదాన్ని కదా అని, చూసి చెప్పమని సంస్థవాళ్లు నన్ను పంపారు.

కొత్తపేటలో పక్క సీట్లోకి కొబ్బరి వ్యాపారి ఒకాయన వచ్చాడు. సంగతి చెప్పగానే, "తినేసేరండీ" అన్నాడు.

"మీరు చూశారా?"

"చూడ్డానికేముందండీ! ఫారిన్ డబ్బు తినకుండా ఎవరుంటారండీ?"

నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, మనవాళ్లు తడి పీచుతోనైనా పొగ పెట్టగలరు.

అమలాపురంలో ఉప్మా పెసరట్టు తిని బస్సు మారాను. రాజోలు నుంచి ఆటోలో పదకొండింటికి రేవు చేరాను. నాకిచ్చిన ఫొటోలో పడవ నీలం, రేవులో ఉన్నది నలుపు. అమ్మేశారన్నది నిజమేనేమో అనిపించింది.

సత్యవతి అక్కడే ఎదురుచూస్తోంది. "వేసంగిలో తారు పూసేమండీ. పూయకపోతే చెక్క నానిపోద్దండీ" అంది. నమ్మమని బతిమాలింది. జాలిపడి లెక్క తేల్చకూడదని పడవలో కూర్చునే పలక ఎత్తించాను. కింద నీలం రంగు, సంస్థ ముద్ర అలాగే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను.

అందులోనే దాటి లంకలో నలుగురినీ అడిగితే, వరదల్లో ఈ పడవలోనే దాటామన్నారు. సత్యవతి భోజనానికి పిలిచినా వెళ్లలేదు. తనిఖీకొచ్చి విస్తరి ముందు కూర్చుంటే ఏం బావుంటుంది! చక్కెరకేళీలు కొనుక్కుని తిన్నాను, అమృతంలా ఉన్నాయి.

మూడింటికి తిరుగు ప్రయాణం. ఒకాయన వాళ్లమ్మను చెయ్యి పట్టుకుని పడవెక్కించాడు. ఆ నాయకుడు ఈయనేనని సత్యవతి మెల్లగా చెప్పింది.

"పడవ అమ్మేశారన్నారట?" అని అడిగేశాను.

"ఆయ్... ఎలక్షన్లు కదండీ" అని ఇబ్బందిగా నవ్వాడు.

"పడవెక్కి కూచుని పడవ లేదంటావేంట్రా!" అని ముసలమ్మ కసిరింది.

ఒడ్డున దిగాక ఆయన సత్యవతి వైపు తిరిగాడు. "రెండో పడవొస్తే మా పేట రేవులో పెట్టించమ్మా. తాళం మాత్రం నీ దగ్గరే ఉంచు. మావోళ్ల చేతికిస్తే మిగల్దు."

సత్యవతి ముఖం అప్పుడు తేటపడింది. నాకూ ప్రాణం హాయిగా అనిపించింది.

ఇంటికొచ్చే బస్సులోంచే సంస్థవాళ్లకు ఫోన్ చేశాను. ఆరోపణ అబద్ధమని, రెండో పడవ కూడా సత్యవతికే అప్పగించమని చెప్పాను. ఆవిడకు పూచీ ఎవరని అడిగారు. ఆ నాయకుడి పేరే చెప్పాను.