నేను చేర్చిన వాక్యం

ఆ రోజు ఒక మనిషి అనని మాటను అన్నాడని టైపు చేశాను. అలా రాయమని నన్నెవరూ అడగలేదు. అలవాటు కొద్దీ చేశాను.

అమీర్‌పేటలో మెట్రో మెట్ల పక్కన నాది జిరాక్స్, టైపింగ్ షాపు. ఎప్పుడో కంప్యూటర్ కోర్సు చేద్దామని కోస్తా నుంచి వచ్చి, కోర్సు పూర్తి కాకుండానే ఇక్కడ కీబోర్డు ముందు కూర్చుండిపోయాను. పొద్దంతా హాస్టల్ పిల్లల రెజ్యూమెలు, మధ్యమధ్యలో తెలుగు పిటిషన్లు. పోలీసులకిచ్చే ఫిర్యాదుల కోసం నా దగ్గర ఒక నమూనా ఉండేది. పేర్లూ తేదీలూ మారిస్తే సరిపోయేది. దాని చివర ఎప్పుడూ ఒకటే వాక్యం: ‘నన్నూ నా కుటుంబ సభ్యులనూ చంపుతానని బెదిరిస్తూ తీవ్ర మానసిక క్షోభకు గురిచేస్తున్నాడు.’ నాకు పని నేర్పిన పెద్దాయన దాన్ని తీసేయనిచ్చేవాడు కాదు. మెత్తగా రాస్తే కాగితం బల్ల మీదే పడుంటుందనేవాడు. గోడ తగాదా అయినా, బండి పెట్టుకునే చోటు తగాదా అయినా, నా పిటిషన్లలో అందరూ అందరినీ చంపుతామని బెదిరిస్తూనే ఉండేవారు.

ఆ మధ్యాహ్నం వచ్చినావిడ ఒక పార్టీకి డివిజన్ నాయకురాలు. కార్పొరేటర్ టికెట్ అడుగుతోందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. చూడు అన్నా అంటూ ఫోన్ నా చేతిలో పెట్టింది. బోరబండలో ఒక బస్తీవాళ్ళ ఫేస్‌బుక్ గ్రూపు. అందులో ఒకాయన తవ్వి వదిలేసిన మురుగు నాలా పక్కన నిలబడి వీడియో తీసి పెట్టాడు. పనులు నేనే చేయించానని ఫ్లెక్సీ కట్టుకున్నావు కదా, మూత ఎందుకు వేయించలేదని ఆవిడను పేరు పెట్టి అడిగాడు. దాని కింద కామెంట్లు జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఎవరో ఆవిడ ముఖాన్ని ఇంకొకరి ఒంటికి అతికించారు. టికెట్ ఎలా సంపాదిస్తుందో ఊహించి రాసినవాళ్ళు కొందరు. ఆవిడ ఏడవలేదు. “మా బిడ్డ కాలేజీల అందరు చూసిండ్రట” అని మాత్రం అంది.

ఆ రాతలు రాసినవాళ్ళకు ముఖాల్లేవు. ఫొటో ఉండాల్సిన చోట గులాబీలు, పులులు, సినిమా హీరోలు. సొంత పేరు, సొంత ఫొటో, ఫోన్ నంబరు ఉన్నది వీడియో పెట్టిన ఆయనకు ఒక్కడికే. ఆయన టైల్స్ వేసే మేస్త్రీ, పని కోసం నంబరు అక్కడే పెట్టుకున్నాడు. ఫిర్యాదుకు ఒక పేరు కావాలి. ఈయన పేరు రాసేద్దామా అండీ అన్నాను. ఆవిడ తలూపింది. షాపులో జనం ఉన్నారని వీడియోను శబ్దం లేకుండానే చూశాను. నమూనా తెరిచి పది నిమిషాల్లో ముగించాను. ఆవిడ చదవకుండా సంతకం పెట్టింది. నా షాపులో ఎవరూ చదివేవారు కాదు.

నాలుగు రోజుల తర్వాత ఆ మేస్త్రీ నా షాపుకే వచ్చాడు. పోలీస్ స్టేషన్‌లో వివరణ రాసి తెమ్మన్నారట. తెలుగు టైపింగ్ ఎక్కడని అడిగితే ఎవరో నన్ను చూపించారట. పంజాగుట్టలో ఒక ఆఫీసు బాత్‌రూముల పని మధ్యలో ఆపి వచ్చాడు, గోళ్ళలో తెల్ల సిమెంటు అలాగే ఉంది. ఫోన్‌లో ఫిర్యాదు ఫొటో తెరిచి నా ముందు పెట్టాడు. నా అక్షరాలు, నా మార్జిన్లు, నా వాక్యం.

“నాలా గురించి అడిగిన సార్, ఒప్పుకుంట. గట్టిగనే అడిగిన. గీ చంపుడు ముచ్చట ఏడికెల్లి వచ్చింది?”

నాలా గురించి అడగడం వేరు, చంపుతాననడం వేరని, ఆ మాట నిజమైతే కేసు పెట్టక తప్పదని అక్కడి అధికారి చెప్పాడట. భయపడి భార్య వీడియో తీసేయించిందట. పక్కింటివాళ్ళు ఆమెతో మాట్లాడటం తగ్గించారట. “మాది మందిండ్ల లోపల జేసే పని సార్. చంపుతనన్నోన్ని ఎవలు ఇంట్లకు రానిస్తరు?”

నేను వెంటనే చెప్పలేదు. ఆయన చెబుతుంటే ఏమీ ఎరగనట్టు సగం పేజీ టైపు చేశాను. తర్వాత, ఆ వీడియో ఉందా అని అడిగాను. ఫోన్‌లో దాచుకున్నాడు. ఈసారి శబ్దం పెట్టి విన్నాను. అక్కా అని మొదలుపెట్టాడు. ఫ్లెక్సీ మీద నీ ఫొటో మస్తుగున్నది, జర గీ నాలా మీద సుత ఒక మూత పెట్టియ్యరాదు అన్నాడు. చివర్లో, రేపు మా అవ్వ ఇందులో పడితే తెచ్చి నీ ఇంటి ముంగటే పండవెడత అన్నాడు.

ఆ చివరి మాటను మూడుసార్లు విన్నాను. అది బెదిరింపా? నాకు కాదనే అనిపించింది. కానీ అదే మాట నన్ను అని ఉంటే ఇంత నిదానంగా వినేవాణ్నా? అడగడం ఎక్కడ ఆగుతుంది, వేధించడం ఎక్కడ మొదలవుతుంది? ఇన్నేళ్ళుగా ఇలాంటి కాగితాలు టైపు చేస్తూ ఒక్కసారైనా నాకా సందేహం రాలేదు. కింద ఆ బూతులు వస్తుంటే ఏం చేశావని అడిగాను. “నేను పెట్టలే గదా అనుకున్న” అన్నాడు. “గా కామెంట్లన్న తీసెయ్యాల్సుండె” అంటూ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు చెప్పాను. “ఆ చంపుతానన్న మాట రాసింది నేనేనండీ. ఆవిడ చెప్పలేదు.”

అరుస్తాడనుకున్నాను. నా ముఖంలోకి చూస్తూ అడిగాడు, “నన్ను ఎన్నడన్న చూసినవా అన్నా నువ్వు?”

లేదన్నాను.

సాయంత్రం నాయకురాలి ఇంటికి వెళ్ళాను. ఫిర్యాదులో తప్పుందనగానే, ఆయనకు అమ్ముడుపోయినవా అంది. నేను కాగితం తీసి వాక్యం వాక్యం చదివాను. చివరిదాని దగ్గర చెయ్యెత్తి ఆపింది. “చంపుతనన్నడని నేనెప్పుడు చెప్పిన?”

“చెప్పలేదండీ. నేనే కలిపాను.”

“ఆయనది సాఫ్ జేస్తవు. మరి నన్నన్నోళ్ళ సంగతేంది?”

నా గట్టి వాక్యం ఆవిడకూ మేలు చేయలేదు. స్టేషన్‌లో అందరూ మేస్త్రీని జరగని బెదిరింపు గురించే అడిగారు, అతికించిన ఫొటో గురించి ఒక్కరూ అడగలేదు. ఇద్దరం కూర్చుని ఆవిడ దాచిన స్క్రీన్‌షాట్లన్నీ తీశాం. ఏ ఖాతా నుంచి, ఎప్పుడు, ఏ మాట అన్నారో ఒక్కొక్కటే రాశాను. కూతురి కాలేజీ సంగతి ఆవిడ చెప్పిన మాటల్లోనే పెట్టాను. వీడియోలో ఆయన వెక్కిరించాడని రాద్దామా అని అడిగితే కొంచెం ఆలోచించింది. “రాజకీయంల ఉంట, వెక్కిరిచ్చిండని కేసు పెడ్తనా? తియ్యి” అంది. ఈసారి మొదటి నుంచి చివరిదాకా చదివి, రెండు చోట్ల దిద్దించి సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున కొత్త ఫిర్యాదు పట్టుకుని ఆవిడతో స్టేషన్‌కు వెళ్ళాను. మొదటి ఫిర్యాదులో ఆ వాక్యం నేను సొంతంగా చేర్చానని, ఫిర్యాదుదారు చెప్పలేదని, ఆ వ్యక్తి అలా అనలేదని నా చేతిరాతతో రాసిచ్చాను. అధికారి చదివి, ఇట్లాంటివి ఇంకెన్ని రాశావని అడిగాడు. నాకు లెక్క తెలియదు, అదే చెప్పాను. అవసరమైతే నన్నూ పిలుస్తామన్నాడు. వస్తానన్నాను. మేస్త్రీ మీద ఆ మాటతో కేసు ఉండదని చెప్పాడు.

అక్కణ్నుంచి షేర్ ఆటో ఎక్కి బోరబండ వెళ్ళాను. మేస్త్రీ పనికి వెళ్ళాడు. భార్య తలుపు సగమే తీసింది. నేనెవరో, ఏం చేశానో చెప్పి క్షమించమన్నాను. నోటిమాట నాకెందుకు, కాగితం జూపియ్యి అంది. జిరాక్స్ తీసుకెళ్ళాను, ఇచ్చాను. తనకు చదవడం రాదని వెనక్కి ఇచ్చింది.

“గల్లీల నిలవడి చదువు. గట్టిగ. అందరికి ఇనవడాలె.”

గల్లీ మధ్యకు వెళ్ళి చదివాను. బట్టలు ఆరేస్తున్న ఒకావిడ ఆగింది. ఎదురింటి ముసలాయన చెప్పులేసుకుని బయటికొచ్చాడు. ఈ కింద సంతకం చేసినవాడు అంటే ఎవరని అడిగాడు. నేనేనన్నాను. చదవడం అయిపోయాక మేస్త్రీ భార్య గడప దాటి బయటికొచ్చి, చివరింటి తలుపు కూడా తట్టి వాళ్ళను పిలిచింది. నా వైపు తిరిగి మళ్ళీ చదవమంది.

మొదటి నుంచి చదివాను.