మామిడి కొత్తకు ముందు

"ఎప్పుడెల్తావు?"

ఆ కొండ మీది ఊళ్లో నన్ను మొట్టమొదట పలకరించిన మాట ఇదే. అరకు సంత దగ్గర జీపెక్కి, కాఫీ తోటల మధ్య నడుం విరిగేలా కుదుపులు తిని, దారి ఆగిపోయినచోట దిగి, బ్యాగు మోసుకుంటూ రొప్పుతూ ఎక్కి వచ్చాను. ఇంకా మంచినీళ్లన్నా తాగలేదు. ఒక ముసలావిడ నా మొహంలోకి తేరిపార చూసి ఈ మాట అడిగింది. ఇంటికొచ్చిన మనిషిని మా భీమవరంలో ఇలా అడిగితే రెండు కుటుంబాల మధ్య జన్మలో మాటలుండవు. ఏం చెయ్యాలో తోచక పళ్లికిలించి, ఎల్లుండి పొద్దున అన్నాను. ఆవిడ సరేనన్నట్టు తలూపి లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి నా పాదాల మీద పోసి చేత్తో కడిగింది. ఇది పొమ్మనడమో రమ్మనడమో నాకు అంతుపట్టలేదు.

అసలు నేనెందుకు వెళ్లానో చెప్పాలి. భీమవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అక్కడి ర్యాంకుల గోల, పిల్లల ఏడుపులు, నా నోటి దురుసు, అన్నీ కలిసి ఒకరోజు ప్రిన్సిపాల్ టేబుల్ మీద రాజీనామా పెట్టించాయి. తర్వాత కొండ ఊళ్లకి వలంటీరు టీచర్లను పంపే ఒక సంస్థలో చేరాను. ఏడాది పాటు ఊళ్లోనే ఉండి చిన్నపిల్లలకి చదువు చెప్పాలి. వాళ్లకొక నియమం ఉంది. వలంటీరు ముందు ఒకసారి వెళ్లి ఉండి రావాలి. ఉంచుకుంటామని ఊరివాళ్లు చెబితేనే పంపుతారు. వద్దంటే ఆ ఏడాదికి ఇక అంతే. ఉన్న ఉద్యోగం వదిలేసి, బంధువులందరికీ గొప్పగా చెప్పుకుని బయల్దేరినదాన్ని. ఊరు వద్దంటే ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్లాలి? జీపులో కూర్చున్నంతసేపూ నాకు అదే బెంగ.

నేను దిగింది ఆ ముసలావిడ ఇంట్లోనే. ఆవిడ కోడలు ఆశ్రమ పాఠశాలలో పది దాకా చదివింది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది. మిగతావాళ్లకి తెలుగు రాదని కాదు గానీ, నాతో మాట్లాడాల్సినప్పుడు రెండు ముక్కలు తెలుగులో అని, మిగిలినదంతా వాళ్ల భాషలో వాళ్లలో వాళ్లే మాట్లాడుకునేవాళ్లు. ఆ సాయంత్రం పెద్దలు ఇంటి ముందు కూర్చున్నారు. నన్నూ కూర్చోబెట్టారు. నేను ఏం చదివానో, పిల్లలకి ఏమేం నేర్పుతానో ముందే బట్టీ పట్టి వెళ్లాను. ఒక్కరూ అడగలేదు. చాలాసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో ఒకాయన నవ్వాడు, ఇంకొకాయన చుట్ట ఆర్పేశాడు, అందరూ లేచి వెళ్లిపోయారు. ఏమన్నారని కోడలిని అడిగితే మాట్లాడారంది. దేని గురించి అన్నాను. నీ గురించే అంది. ఏం తేల్చారు అన్నాను. తేల్చడానికేముంది అన్నట్టు నన్ను చూసి పొయ్యి ఊదడానికి వెళ్లింది. నాకు ఒళ్లు మండింది. అవునో కాదో ఒక్క మాట చెబితే వీళ్ల సొమ్మేం పోయింది?

ఒక్కటి మాత్రం ఆ అమ్మాయి చెప్పింది. నాకన్నా ముందు వచ్చిన టీచరు సెలవుకని వెళ్లి మళ్లీ రాలేదట. ఆయనకి ముందు వచ్చినావిడా అంతేనట. అందుకే ఎప్పుడెళ్తావని ముందే అడుగుతారేమో అనుకున్నాను. అలాగని నేను అలాంటిదాన్ని కాదని అరిచి చెప్పుకోలేను కదా.

మర్నాడు పొద్దున ఊటనీళ్ల దగ్గరికి వెళ్లి వస్తుంటే దారి నిండా గాలికి రాలిన మామిడి పిందెలు, కాయలు. పచ్చికాయ కనిపిస్తే నాకు మతి ఉండదు. ఒక కాయ కడిగి కొరికాను. పులుపుకి కళ్లు మూసుకుపోయాయి. తెరిచి చూస్తే ఎదురుగా పిల్లలు గుంపుగా నిలబడి నా నోటివంకే చూస్తున్నారు. ఇదే సందు, పిల్లల్ని మంచి చేసుకుందామని నాలుగు కాయలు ఏరి చేతికివ్వబోయాను. అందరూ ఒక్కసారిగా చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు. ఒక చిన్నపిల్ల అయితే ఇంకొకర్ని చాటు చేసుకుంది. పిల్లలేంటి, పచ్చిమామిడికాయ వద్దనడమేంటి? నా చేతిది తీసుకోవద్దని పెద్దవాళ్లు చెప్పి ఉంటారనుకుని కాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఇంటికొచ్చి కోడలితో అంటే ఆ అమ్మాయి పకపకా నవ్వింది. ఇక్కడ ఏ పంటైనా ముందు ఊరి దేవతకి పెట్టి, అందరూ కలిసి పండగ చేసుకున్నాకే నోట పెడతారట. దాన్ని కొత్త అంటారట. మామిడి కొత్త ఇంకా కాలేదు. చెట్ల కింద కుప్పలుగా రాలినా సరే, పండగ దాకా పసిపిల్లలు కూడా ముట్టరు. నా నోట్లో ఇంకా పులుపు పోలేదు.

"అయ్యయ్యో, నేను తినేశానే. ఇప్పుడేం చెయ్యాలి?"

"నువ్వు తినొచ్చక్కా. పైఊరోళ్లకి ఇది లేదు" అంది.

బతికాననుకున్నాను. వెంటనే ఎందుకో ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తప్పు చేశావని తిట్టినా బాగుండేది. నేను ఏం తిన్నా, ఎప్పుడు తిన్నా వాళ్ల దేవతకి పట్టింపు లేదు. ఆవిడ లెక్కలో నేను లేను. ఊరి లెక్కలో మాత్రం ఎక్కడుంటాను?

అక్కడితో ఆగలేదు. నాకు మామిడికాయ ఇష్టమని ముసలావిడకి తెలిసిపోయింది. అంబలి తాగబోతే పక్కన ఉప్పూ కారం చల్లిన ముక్కలు. మధ్యాహ్నం అన్నంలోకి అవే. పక్కింటివాళ్లు కూడా ఒక ఆకులో పెట్టి పంపించారు. వాళ్లెవరూ ముట్టరు, నేను తింటుంటే ఆప్యాయంగా చూస్తారు. అన్నం పెట్టేవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం ఎంత ఇబ్బందో అప్పుడు తెలిసింది. వద్దంటే ఏమనుకుంటారో, తింటే నేను పైఊరిదాన్నని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. పళ్లు పులిసిపోయాయి గానీ ముక్క మిగల్చలేదు. మర్యాద ఇంత పుల్లగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంకో గొడవ. ఒకాయన బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. ముసలావిడ చోళ్లు, అవే మన రాగులు, కొలిచి బుట్టలో పోసింది. ఆయన వెళ్లబోతే ఆపి ఇంకో కొలత పట్టుకొచ్చింది. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ ఊరుకోలేదు. ఇద్దరూ గట్టిగా మాట్లాడుకుంటూ మాటిమాటికీ నా వైపు వేలు చూపిస్తున్నారు. ఆయన దారి వైపు చెయ్యి విసిరాడు. పోయేదే కదా అంటున్నాడని భాష రాకపోయినా తెలుస్తుంది. నేను మిరియాలు ఎండబోసిన చాప పక్కన కూర్చుని, వినపడనట్టు గింజలు ఏరుతున్నాను. చివరికి ఆవిడ ఆ చోళ్లు బుట్టలో కుమ్మరించేసి లోపలికి పోయింది. నా తిండి ఖర్చు దగ్గర తగువు పడ్డారేమో, నన్ను పెట్టుకున్నందుకు ఆవిడ మాట పడాల్సి వచ్చిందేమో అని తల కొట్టేసినట్టయింది. కోడలు పొలానికి వెళ్లింది, అడగడానికి కూడా దిక్కులేదు. రాత్రి అడుగుదామనుకుని, ఏం వినాల్సి వస్తుందోనన్న భయంతో అడగలేదు.

మూడో రోజు పొద్దున జీపు డ్రైవరు ఇంటిదాకా ఎక్కి వచ్చాడు. ఎస్. కోట మనిషి, కబుర్లపోగు. పని తేలిపోయిందా మేడం అని అడిగాడు. నాకేం తెలుసు నా మొహం అన్నాను. నన్ను ఉంచుకుంటామని గానీ వద్దని గానీ ఆ ఊళ్లో ఇంతవరకూ ఒక్కరూ అనలేదు. బ్యాగు సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాను.

ముసలావిడ విస్తరాకులో మామిడి ముక్కలు తెచ్చింది. ఉప్పూ కారం ఘాటుగా దట్టించి ఉన్నాయి. అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. ఆవిడ ఆకు పక్కకి తిప్పేసి డ్రైవరు చేతిలో పెట్టింది. చూసుకోలేదేమో అనుకుని మళ్లీ చాపాను. ఈసారి నా చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

నా కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. దానిదేముంది, మామిడి ముక్కేగా అనుకోండి. కానీ వచ్చిన దగ్గర్నుంచీ పెట్టిన ఆ ఒక్క మర్యాద కూడా వెళ్లే ముందు తీసేశారు. ఇంతకన్నా తేటగా ఎవరు చెబుతారు? డ్రైవరు మొహమాటపడి తన ఆకులోంచి ఒక ముక్క నా వైపు చాపాడు. ముసలావిడ అతన్ని కసిరింది. తర్వాత నా మొహం చూసి, నేనెందుకు ఏడుస్తున్నానో తెలియక కోడలి వైపు తిరిగింది. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే అయోమయంలో లేనని అప్పుడు తెలిసింది.

"ఆడు తింతాడు, ఆడికేటి" అంది ఆవిడ, వచ్చిన తెలుగంతా కూడదీసుకుని. "పండగ్గింజలు నీవి కూడా ఇచ్చీసినాను. మనింట్లో నువ్వొక్కదానివే ముందు తినీసినావంటే ఎలాగ గుంటా?"

నేను బుర్ర లేనిదానిలా కోడలిని చూశాను. పండగకి ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కొలతల చోళ్లు ఇవ్వాలట. అత్త ఒక కొలత ఎక్కువ పోస్తే, ఆ టీచరమ్మ రేపు వెళ్లిపోతుంది కదా, ఆమె గింజలెందుకని బుట్ట పట్టుకొచ్చినాయన అన్నాడట. వస్తుంది, పొయ్యమని అత్త పట్టుబట్టిందట. ఒకసారి గింజలు పోశాక ఇక పండగ దాకా ఆ మనిషి ముట్టకూడదు. గింజలు పోశాక కూడా నిన్న పొద్దుగూకే దాకా వచ్చిన ముక్కలు ఇరుగుపొరుగువాళ్లు తెలియక పంపినవట. ఇదంతా చెప్పి, నీకు తెలుసనుకున్నాం అంది.

వంగి ఆవిడ కాళ్లకి దండం పెట్టబోతే, ఆలస్యమైపోతోందని నన్ను దారి వైపు తోసింది. మళ్లీ ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు. జీపెక్కే దాకా నా కాళ్లు నేల మీద లేవు.

ఘాట్ రోడ్డు మలుపులో ఫోనుకి సిగ్నల్ అందింది. వెంటనే సంస్థలో మా సార్ ఫోన్ చేశారు.

"ఏమ్మా, ఊరివాళ్లు ఏమన్నారు?"

"నాకు మామిడికాయ పెట్టలేదు సార్" అన్నాను.

ఆయన కంగారుపడిపోయారు. గొడవేమైనా అయిందా, మర్యాదగా చూడలేదా అని వరసగా అడిగారు. మా డ్రైవరు ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఇంకో చేత్తో ముక్కలు చప్పరిస్తున్నాడు. కారం వాసనకి నా నోరూరిపోతోంది.

"డ్రైవరుకి పెట్టారు సార్, నాకు పెట్టలేదు" అన్నాను మళ్లీ. "నేను పండగలోపు మళ్లీ కొండ మీదికి వెళ్లిపోవాలి."