పిట్ట వంతు

ఆ రోజుల్లో మా బడిలో అన్యాయం కూడా ఎత్తు ప్రకారమే జరిగేది. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. ఎనిమిదో తరగతికే తాడిలా ఎదిగిన నేను ప్రార్థనలో చివర, భోజనాల వరసలో చివర (నా దాకా వచ్చేసరికి సాంబారులో ముక్కలుండేవి కావు), జెండా పండగ బిళ్లల దగ్గరా చివరే. ఇవన్నీ మరిచిపొమ్మని మా ఆయన అంటారు. నేనూ మరిచిపోతే ఇక గుర్తుపెట్టుకునేదెవరండీ?

మాది కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున ఊరు. బడి వెనక కాలువ, కాలువ నిండా గుర్రపుడెక్క. నీరు కదలదు, దోనె సాగదు, చేపలు ఊపిరాడక చచ్చి తేలేవి. ఆ ఏడు మా సైన్సు మాస్టారు ఎకో క్లబ్బు పెట్టి, ఊరివాళ్లను కూడగట్టి, డెక్కంతా పీకించాలని పూనుకున్నారు. (అప్పటినుంచి ఆయన డెక్క మాస్టారు. ఆ పేరు పెట్టింది నేనే. ఆ ఘనతా నాకు దక్కలేదు.) రైతులు పొలాలకు నీళ్లొచ్చే బోదెలు బాగుచేసుకునేటప్పుడు చేసినట్టే గట్టున గుంజలు పాతి, ఎవరి వంతు వాళ్లకు పంచారు. "ఒకరి వంతులో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. పెడితే తగువులొస్తాయి" అని మాస్టారు మరీ మరీ చెప్పారు. ఫస్టు ర్యాంకు పిల్లకి వంతెన పక్కన, వచ్చేపోయేవాళ్లకు కనబడే వంతు. నాకేమో మరుగుదొడ్ల వెనక, ఆఖరి గుంజ. "నువ్వు పొడుగుదానివి కదమ్మా, అక్కడ లోతెక్కువ" అన్నారు.

అలిగి, అందరివీ పూర్తికావచ్చేదాకా గట్టు మీదే కూర్చున్నాను. చివరికి కొక్కెం కట్టిన వెదురుగడ పట్టుకుని దిగేసరికి, ఆకుల మీద నేల మీద నడిచినంత తేలిగ్గా నడుస్తూ ఒక పిట్ట కనబడింది. పొడుగాటి తోక, మెడ వెనక బంగారు రంగు, సాలీడు కాళ్లలాంటి వేళ్లు. దాని వెనక తడి ఆకుల మీద, తోమిన ఇత్తడిలా మెరుస్తూ నాలుగు గుడ్లు.

"మాస్టారూ, నా వంతులో గూడుందండీ!"

"గుడ్లు పక్కన పెట్టి పీకెయ్యమ్మా. రేపు ఏలూరు నుంచి పెద్దాఫీసరు వస్తున్నారు. ఒక్క ఆకు మిగిలినా పరువు పోతుంది."

"పక్కనంటే నీళ్లే కదండీ."

"పని తప్పించుకోడానికండీ" అంది ర్యాంకు పిల్ల. అందరూ నవ్వారు. (ఆవిడిప్పుడు తాడేపల్లిగూడెంలో బ్యాంకులో ఉంది. నేను మాత్రం పక్క కౌంటరు వరసలోనే నిలబడతాను.)

మర్నాడు తెల్లారగానే వెళ్లి, గూటికి అడ్డంగా నడుముల్లోతు నీళ్లలో నిలబడ్డాను. కాసేపటికి మాస్టారు గడ పట్టుకుని వచ్చారు. వెనక పిల్లలంతా.

"జరుగమ్మా."

"జరగనండీ. ఇది నా వంతు. ఒకరి వంతులో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని మీరే చెప్పారు కదండీ!"

మాస్టారి మొహం ఎర్రబడింది. గడ పైకెత్తారు. సరిగ్గా అప్పుడే నా వెనక పిట్ట సన్నగా పిలిచింది. తిరిగి చూస్తే గుడ్లు లేవు, పగిలిన పెంకులే. దూదిపింజల్లాంటి పిల్లలు ఆకుల మీద పరుగెత్తుకొచ్చి, దాని రెక్కల కింద దూరాయి. రెక్కలు బిగించి లేచి నిలబడిందండీ! రెండు పక్కలా రెక్కల కిందనుంచి చిన్న చిన్న కాళ్లు వేలాడుతున్నాయి. అన్ని కాళ్లతో, మా అందరి ముందునుంచే, ఆకు మీద ఆకు దాటుకుంటూ మెల్లగా నడిచిపోయింది. (అది తల్లి కాదు, తండ్రి అని తరవాత తెలిసింది.) మా ఊపిరి చప్పుడు దానికి వినబడుతుందేమోనని అందరం బిగబట్టుకుని నిలబడ్డాం. ర్యాంకు పిల్ల కూడా.

మాస్టారు గడ దించేశారు. "ఎన్ని కాళ్లే తల్లీ దానికి!" అన్నారు గుసగుసగా.

ఆఫీసరుగారు వచ్చి, "ఆ ముక్క వదిలేశారేం?" అన్నారు.

"పక్షుల కోసం మేమే వదిలామండీ" అన్నారు మాస్టారు, తడుముకోకుండా. మేమట! దండ వేసింది ర్యాంకు పిల్ల. నేను వెనక వరసలో, ఒళ్లంతా నీళ్లోడుతూ, కాలికి పట్టిన జలగను పీక్కుంటున్నాను.

అప్పటినుంచి మా ఊళ్లో డెక్క తీసినప్పుడల్లా ఆ చివరి ముక్క, పిల్లలు పెద్దవయ్యేదాకా ముట్టుకోరు. దాన్ని పిట్ట వంతు అంటారు. చూసింది నేను, కాపాడింది నేను, పేరు మాత్రం పిట్టది.

మొన్న ఊరెళ్లినప్పుడు పిల్లలు కాలువలో డెక్క తీస్తున్నారు. ముచ్చటేసి ఆఖరి గుంజ దగ్గర దిగబోయాను. తాడిలాంటి ఒక అమ్మాయి గడ అడ్డం పెట్టింది. "ఏవండీ, అటు దిగకండి. అది పిట్ట వంతు."

నేనెవరో తెలుసా అన్న మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో ఆకుల మధ్య ఏదో కదిలింది. ఇద్దరం మెడలు చాచాం. ఆ పిల్ల వెనకాలే, ఎప్పట్లాగే చివర, నిలబడ్డాను. ఈసారి నన్నక్కడ ఎవరూ నిలబెట్టలేదు.